పలక మీద గీత – మారియెట్టా బ్లావ్

పరమాణువులోని కణాన్ని ఎవరూ కంటితో చూడలేరు. మరి దానికెంత శక్తి ఉందో చెప్పేదెలా? హాస్టల్లో క్యారమ్స్ ఆడే మిత్రులకు సగం జవాబు తెలిసే ఉంటుంది. స్ట్రైకర్ ఎంత దూరం జారి ఆగిందో చూస్తే ఎంత గట్టిగా కొట్టారో చెప్పేయొచ్చు. ఈ చిన్న సూత్రాన్ని ఫోటో ప్లేటు మీద నిజం చేసి చూపిన శాస్త్రజ్ఞురాలు మారియెట్టా బ్లావ్.

ఆమె 1894లో వియన్నాలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. 1919లో డాక్టరేటు పొందారు. 1923 నుంచి అక్కడి రేడియం పరిశోధనాలయంలో ఏళ్ల తరబడి జీతం లేకుండానే పనిచేశారు.

ప్రోటాన్ ప్లేటు మీది పూతలోంచి దూసుకుపోతూ అడుగడుగునా కొంత శక్తిని పోగొట్టుకుని చివరకు ఆగిపోతుంది. ప్లేటును డెవలప్ చేస్తే ఆ దారి వెంట నల్లని వెండి రేణువులు వరుసగా కనిపిస్తాయి. ఆ వరుస పొడవులోనే ఉంది శక్తి లెక్కంతా. ఒక కోటి ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్ గీసే గీత అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, అంతే! దాన్ని మైక్రోస్కోపు కింద వెతికి పట్టి కొలవాలి. ఎంత ఓపిక కావాలో ఆలోచించండి.

ఇన్స్‌బ్రుక్ దగ్గర 2,300 మీటర్ల ఎత్తున్న హాఫెలేకార్ కొండమీద బ్లావ్, ఆమె శిష్యురాలు హెర్తా వాంబాకర్ నెలల తరబడి ప్లేట్లు ఉంచారు. 1937లో వాటి మీద నక్షత్రాల్లాంటి గుర్తులు కనబడ్డాయి. విశ్వకిరణం తగిలి పరమాణు కేంద్రకం బద్దలై, ముక్కలు నలువైపులా చిమ్మిన జాడలవి. ప్లేటులోనే ఆగిన ముక్కల గీతలు కొలిస్తే వాటి శక్తి తేలింది.

మరుసటి ఏడే పిడుగు పడింది. 1938 మార్చిలో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించారు. బ్లావ్ దేశం విడిచి ఓస్లో వెళ్లారు. ఐన్‌స్టీన్ సాయంతో మెక్సికోలో ఉద్యోగమైతే దొరికింది గానీ, పరిశోధనకు సౌకర్యాలే లేవు. నాజీ పార్టీ సభ్యురాలైన వాంబాకర్ మాత్రం వియన్నాలోనే ఉండి పని సాగించింది.

ఫోటో ప్లేటు పద్ధతిని అభివృద్ధి చేసి మీసాన్లను కనుగొన్నందుకు 1950లో నోబెల్ బహుమతి పావెల్‌కు దక్కింది. ష్రోడింగర్ ప్రతిపాదించినా బ్లావ్‌కు రాలేదు. 1960లో ఆమె వియన్నా తిరిగొచ్చి, 1970లో అక్కడే కన్నుమూశారు.

నేటి భారీ యంత్రాల్లో ఇనుము, సీసం పొరలు కణాన్ని ఆపేసి, అది వదిలిన శక్తిని కూడి చెబుతాయి. సూత్రం మాత్రం పాతదే: ఆపు, కొలువు. పరీక్షలో పావెల్ పేరు రాస్తాం, తప్పులేదు. పక్కనే ఈమె పేరూ రాద్దాం, మిత్రులారా!