చెల్లమ్మ భారతి: పుదుచ్చేరి ప్రవాసంలో బిడ్డలను పెంచిన తల్లి

మహాకవి సుబ్రహ్మణ్య భారతి ఇంటి జీవితాన్ని లోకానికి తెలియజేసినవారిలో ఆయన అర్ధాంగి చెల్లమ్మ ముఖ్యులు. తిరునెల్వేలి ప్రాంతంలోని కడయం ఆమె పుట్టినూరు. 1897లో వివాహం జరిగేనాటికి ఆమె వయస్సు 7 ఏళ్లు. 1904లో పెద్ద కుమార్తె తంగమ్మ, 1908లో చిన్న కుమార్తె శకుంతల జన్మించారు.

శకుంతల పుట్టిన ఏడాదే ఆ కుటుంబం చెదిరిపోయింది. ‘ఇండియా’ పత్రికపై ఆంగ్ల ప్రభుత్వం చర్యలకు పూనుకొనగా, భారతి చెన్నపట్నం విడిచి ఫ్రెంచివారి ఏలుబడిలోని పుదుచ్చేరికి చేరారు. అనంతరం చెల్లమ్మ కూడా అక్కడికే వచ్చి కాపురం నిలబెట్టారు. ఆంగ్లేయ గూఢచారుల నిఘా వీడలేదు. పత్రిక ఆగిపోవడంతో రాబడి సన్నగిల్లింది. వంటకై ఉంచిన బియ్యాన్ని భారతి పిచ్చుకలకు చల్లి ఆనందించిన ఉదంతం ఆ ఇంటి జ్ఞాపకాలలో ప్రసిద్ధం. కవికి అది ఆనందం. పొయ్యి వెలిగించి పిల్లల ఆకలి తీర్చవలసిన ఇల్లాలికి అది ఆనాటి దిగులు.

ఆ లేమిలోనే శకుంతల బాల్యం గడిచింది. పిల్లలకు ఆటను, ధైర్యాన్ని, జీవకారుణ్యాన్ని బోధించే ‘పాపా పాట్టు’ ఆ చిన్నారి కోసమే వెలువడిందని ప్రతీతి. చెల్లమ్మకు అటువంటి గీతాల వెనుక ఇంటిలో తిరుగాడే తన బిడ్డే కనిపించేది.

1918లో ప్రవాసం ముగిసింది. 1921 సెప్టెంబరులో భారతి కన్నుమూసేనాటికి చెల్లమ్మకు ముప్పై ఏళ్లు దాటి ఎంతో కాలం కాలేదు. దుఃఖాన్ని దిగమింగి, భర్త రచనల ప్రచురణకు ఆమె పూనుకొన్నారు. 1941లో ఆమె చెప్పిన భారతి జీవితచరిత్ర వెలువడింది. తల్లి జ్ఞాపకాలకు అక్షరరూపమిచ్చినది పెద్ద కుమార్తె తంగమ్మయే. తండ్రిని గురించి శకుంతల సైతం ఒక పుస్తకం రచించారు. ఒకనాడు తల్లి కనిపెట్టి పెంచిన బిడ్డలే ఆ ఇంటి కథను భావితరాలకు అందించారు.

1951లో తిరుచిరాపల్లి ఆకాశవాణి కేంద్రం నుంచి చెల్లమ్మ తన భర్తను గురించి ప్రసంగించారు. కవి రచనలను కాక, కవితో కాపురం ఎట్లుండునో శ్రోతలు ఆమె స్వరంలోనే విన్నారు. 1955లో ఆమె పరమపదించారు.

ఒర్లియంపేటకు తూర్పున, పుదుచ్చేరి పాత పట్టణంలోని ఈశ్వరన్ ధర్మరాజ కోవెల వీథిలో భారతి నివసించిన ఇల్లు నేడు స్మారక మందిరమై నిలిచి ఉంది. కవిని తలచి అక్కడికి వచ్చేవారు, ఆ కవి బిడ్డలను పెంచిన తల్లిని కూడా స్మరించుకోవడం సముచితం.