ఇస్నోఫీలియా మాత్ర వెనుక మన సుబ్బారావు గారు

శాన్ రామన్ (కాలిఫోర్నియా): మన ఊళ్లల్లో రాత్రిళ్లు దగ్గు, ఆయాసం, పిల్లికూతలు మొదలైతే పెద్దవాళ్లు వెంటనే ఇస్నోఫీలియా అనేస్తారు. రక్తపరీక్షలో ఇసినోఫిల్స్ పెరిగాయని వస్తే హెట్రజాన్ మాత్రలు రాసిచ్చేవారు. ఆ మందును లోకానికి ఇచ్చిన బృందానికి నాయకుడు ఒక తెలుగువాడని మనలో చాలామందికి తెలియదు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు. పొట్ట చేతపట్టుకుని దేశం కాని దేశం వచ్చిన మనలాంటి వాళ్లకు ఆయన బతుకు కథ చాలా దగ్గరగా ఉంటుంది. పైగా ఆ కథ తెలిస్తే మన గదుల్లోని పరుపుల దుమ్ముకు ఉబ్బసం ఎందుకు వస్తుందో కూడా తేలిగ్గా అర్థమవుతుంది.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో డబ్బుకు కటకట. పదమూడేళ్లప్పుడు సంపాదించుకొస్తానని కాశీ దారి పడితే తల్లి వెంకమ్మ గారు వెనక్కి రప్పించి చదువులో పెట్టారు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. మద్రాస్ మెడికల్ కాలేజీలో చదువుతూ గాంధీజీ పిలుపు విని ఖద్దరు కోటు వేసుకున్నందుకు ఒక తెల్ల ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. చివరికి ఎంబీబీఎస్‌కు బదులు ఎల్‌ఎంఎస్ సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఈలోగా ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో కన్నుమూశారు. తానూ అదే జబ్బు పడి లేచారు. మనుషుల్ని మింగుతున్న జబ్బులకు మందు వెతకాలన్న పట్టుదల ఆ ఇంటి దుఃఖంలో పుట్టిందే.

మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్ వారు తలా కొంత సాయం చేస్తే 1923 అక్టోబర్ 26న బోస్టన్‌లో దిగారు. భారతీయులకు పౌరసత్వం రాదని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది కూడా ఆ ఏడాదే. హార్వర్డ్‌లో చదువుకుంటూనే ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసి రోగుల మలమూత్రాలు ఎత్తారు. కొన్నేళ్లలో తిరిగొస్తానని భార్య శేషగిరి గారికి చెప్పి వచ్చిన మనిషి మళ్లీ స్వదేశం చూడలేదు. ఆయన వచ్చేశాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆ బిడ్డ ముఖమైనా తండ్రి చూడలేదు. ఫోన్లూ వీడియో కాల్సూ లేని రోజులవి.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించారు. మన కండరం కదలాలంటే శక్తి అందించేది ఈ ఏటీపీయే. ఇంత చేసినా అక్కడ స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లే మందుల కంపెనీకి వెళ్లి పరిశోధనకు పెద్దదిక్కయ్యారు. అక్కడి నుంచే ఫోలిక్ యాసిడ్ తయారీ, పిల్లల రక్తక్యాన్సర్‌పై వాడిన అమినోప్టెరిన్, 1948లో ఆరియోమైసిన్ యాంటీబయాటిక్ వచ్చాయి.

రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకు ఫైలేరియా, అంటే మన బోదకాలు జబ్బు తెచ్చే పురుగు, సోకడంతో దానికి మందు అవసరమైంది. గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్లకు బోదకాలు అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. సుబ్బారావు గారి బృందం 1947లో డైఈథైల్ కార్బమజైన్ అనే మందును బయటపెట్టింది. దానికి కంపెనీ పెట్టిన పేరే హెట్రజాన్. మన ప్రభుత్వం ఊరూరా ఇంటింటికీ పంచిన బోదకాలు మాత్ర కూడా ఇదే.

మరి కాలు వాపు మందుకూ దగ్గుకూ సంబంధం ఏమిటి? జవాబు మన మదనపల్లెలో మొదలవుతుంది. అక్కడి ఆరోగ్యవరం క్షయ ఆస్పత్రిలో పనిచేసిన డెన్మార్క్ డాక్టర్ ఫ్రిమోట్ మోలర్, తన సహచరుడు బార్టన్‌తో కలిసి 1940లో ఒక వింత జబ్బు గురించి రాశారు. చూస్తే టీబీలా ఉంటుంది, కానీ టీబీ కాదు. రక్తంలో మాత్రం ఇసినోఫిల్స్ విపరీతంగా ఉంటాయి. 1943లో వైన్‌గార్టెన్ అనే డాక్టర్ దానికి ట్రాపికల్ ఇసినోఫీలియా అని పేరు పెట్టారు. ఫైలేరియా పిల్ల పురుగులు ఊపిరితిత్తుల్లో చిక్కుకుంటే వాటి మీద శరీరం చేసే అతి యుద్ధమే ఈ జబ్బని తర్వాత తేలింది. 1950ల్లో హెట్రజాన్ ఇచ్చి చూస్తే చక్కగా పనిచేసింది.

ఇప్పుడు మన పరుపుల దగ్గరకు వద్దాం. పురుగుల్లాంటి శత్రువుల కోసం మన ఒంట్లో ఒక ప్రత్యేక దళం ఉంది. అందులో ఐజీఈ అనే యాంటీబాడీ, మాస్ట్ కణాలు, ఇసినోఫిల్స్ ముఖ్యమైనవి. ఎలర్జీ ఉన్నవాళ్లలో ఈ దళం పొరపాటున డస్ట్ మైట్ మీదకు దూకుతుంది. డస్ట్ మైట్ అంటే పరుపులు, దిండ్లు, కార్పెట్లలో బతికే, మిల్లీమీటరులో మూడో వంతు ఉండే సన్నటి పురుగు. అది కుట్టదు, కరవదు. మన ఒంటి మీద నుంచి రాలే పొట్టు తిని బతుకుతుంది. చిక్కంతా దాని మలంతోనే. అందులోని ఒక ప్రొటీన్ మన శ్వాసనాళం లోపలి పొరలో కణాల మధ్య అతుకులను తెంపుతుంది. టైల్స్ మధ్య గ్రౌట్ ఊడితే నీళ్లు లోపలికి దిగినట్టే అన్నమాట.

పొర దెబ్బతినగానే అక్కడి కణాలు ప్రమాద సంకేతాలు పంపుతాయి. కాపలా కణాలు ఆ ప్రొటీన్ ముక్కను పట్టుకెళ్లి టి కణాలకు చూపిస్తాయి. టి కణాలు రసాయన కబుర్లతో పని పురమాయిస్తాయి. ఒక కబురుకు ఐజీఈ తయారవుతుంది, ఇంకో కబురుకు ఎముకల మూలుగ నుంచి ఇసినోఫిల్స్ బయల్దేరతాయి, మరో కబురుకు కఫం పెరుగుతుంది. ఐజీఈ వెళ్లి మాస్ట్ కణాల మీద కూర్చుంటుంది. ఇంతవరకూ మనకేమీ తెలియదు. మళ్లీ ఆ దుమ్ము పీల్చినప్పుడు మాస్ట్ కణాలు నిమిషాల్లో హిస్టమిన్, ల్యూకోట్రయీన్లు వదులుతాయి. శ్వాసనాళం చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. సుబ్బారావు గారు గుర్తించిన ఏటీపీతోనే ఆ కండరమూ బిగుసుకునేది! కొన్ని గంటల తర్వాత ఇసినోఫిల్స్ వచ్చి వాపు పెంచుతాయి. అందుకే ఒకసారి తగ్గిన ఆయాసం మళ్లీ తిరగబెడుతుంది.

మా కన్‌స్ట్రక్షన్ పనిలో రోజూ దుమ్మే కాబట్టి ఒక మాట చెప్పాలి. కాంక్రీటు, రాయి కోసినప్పుడు లేచే సిలికా దుమ్ము వేరు. అది ఎలర్జీ లేకపోయినా ఎవరి ఊపిరితిత్తులనైనా పాడుచేస్తుంది. దానికి నీళ్లు కొట్టి కోయడం, సరైన మాస్క్ ముఖ్యం. మైట్ దుమ్ము కొందరికే పడదు, అదీ ఎక్కువగా పడుకునే చోటే. మైట్ గాలిలోని తేమతో బతుకుతుంది. శాన్ రామన్‌లో వేసవి పొడిగా ఉన్నా వానాకాలంలో కిటికీలు మూసుకుంటే గదిలో తేమ పేరుకుంటుంది. గల్ఫ్‌లోనో సింగపూర్‌లోనో ఒకే గదిలో నలుగురైదుగురు ఉంటూ, ఎవరో వదిలేసిన పరుపు మీద పడుకునేవాళ్లు మరీ జాగ్రత్తపడాలి. పరుపుకూ దిండుకూ మైట్ దూరని కవర్ వేయండి. దుప్పట్లు వారానికోసారి 55 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి నీళ్లలో ఉతకండి. తేమ 50 శాతం లోపు ఉండేలా చూసుకోండి. డాక్టర్ రోజూ వాడమన్న ఇన్‌హేలర్‌ను ఆయాసం తగ్గింది కదా అని ఆపేయకండి.

అసలు సంగతి ఇది. మైట్ ఉబ్బసంలోనూ ఫైలేరియా దగ్గులోనూ ఒంట్లో కదిలే దళం ఒకటే, ఇసినోఫిల్స్ రెండింట్లోనూ పెరుగుతాయి. కానీ మందులు వేరు. ఉబ్బసానికి హెట్రజాన్ మందు కాదు. ఫైలేరియా దగ్గును ఉబ్బసం అనుకుని ఏళ్ల తరబడి వదిలేస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. విదేశాల్లో డాక్టర్లకు ఈ జబ్బు అరుదు కాబట్టి తట్టకపోవచ్చు. ఇన్‌హేలర్ వాడినా రాత్రి దగ్గు తగ్గక, ఇసినోఫిల్స్ వేలల్లో ఉంటే, మాది బోదకాలు ఉన్న ప్రాంతమని మనమే చెప్పాలి. చూశారా విచిత్రం, న్యూయార్క్‌లో పుట్టిన ఆ మందు ఇప్పుడు అమెరికా షాపుల్లో దొరకదు. డాక్టర్లు ప్రభుత్వ సంస్థ సీడీసీ ద్వారా తెప్పించాలి. అలాగని ఇంటి నుంచి తెచ్చుకున్న మాత్రలు సొంతంగా మింగొద్దు.

అమెరికా పౌరసత్వం తీసుకోకుండానే సుబ్బారావు గారు 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో నిద్రలోనే గుండె ఆగి కన్నుమూశారు. అప్పటికి వయసు 53. ఇంటి దుమ్ములో అసలు దోషి డస్ట్ మైట్ అని నెదర్లాండ్స్ పరిశోధకులు తేల్చింది 1960ల్లో. ఐజీఈని డెన్వర్‌లో జపాన్ దంపతులు ఇషిజాకాలు కనుగొన్నది 1966లో. తన మందు చంపిన పురుగు మీద శరీరం చేసే యుద్ధం ఎలా సాగుతుందో పూర్తిగా తెలిసే రోజు ఆయన చూడలేదు. 1995లో శతజయంతికి భారత ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ల వేసింది. మనం చేయగలిగింది దానికంటే చిన్నది, కానీ ప్రాణం మీద పనికొచ్చేది. ఈసారి పక్క మంచం మీది మనిషి రాత్రంతా దగ్గుతుంటే ఇస్నోఫీలియాలే అని తీసిపారేయకుండా డాక్టర్ దగ్గరకు తీసుకెళ్దాం, వాళ్ల ఊరేదో కూడా చెప్పిద్దాం.