లియో ఫెండర్

వాద్యమును వాయించుట ఒక విద్య. వాద్యమును నిర్మించుట మఱియొక విద్య. గిటారు వాయించుట నేర్వకయే గిటారుల నిర్మాణమునందు లోకప్రసిద్ధి గాంచినవాడు లియో ఫెండర్.

ఆయన 1909వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున జన్మించెను. తల్లిదండ్రులు నారింజతోట పెంచి జీవించువారు. ఎనిమిదవ యేట కణితి కారణమున ఆయన ఒక కన్ను కోల్పోయెను. దాని స్థానమున వైద్యులు గాజుకన్ను అమర్చిరి. బాలుడు అందులకు క్రుంగిపోలేదు. బంధువొకడు స్వయముగా కూర్చిన రేడియో నుండి వెలువడిన గంభీరధ్వని ఆతని మనస్సును హరించెను. నాటినుండి రేడియోలను విప్పుట, మరల కూర్చుట ఆతనికి నిత్యకృత్యమయ్యెను.

కళాశాలలో ఆయన గణకశాస్త్రము చదివి, లెక్కలు వ్రాయు కొలువులో చేరెను. దేశమున ఆర్థికమాంద్యము ప్రబలగా ఆ జీవనోపాధి పోయెను. 1938లో ఆయన 600 డాలర్లు అప్పుచేసి, ఫుల్లర్టన్ పట్టణమున రేడియోలు బాగుచేయు దుకాణము తెఱచెను. గాయకులును వాద్యగాండ్రును తమ ధ్వనివర్ధక యంత్రములను అచటికి తెచ్చుచుండిరి. ఫెండర్ యంత్రముతోపాటు వారి కష్టములను కూడ శ్రద్ధతో వినెడివాడు.

ఆ కష్టములలో ముఖ్యమైనది యొకటి కలదు. నాటి గిటారు గుల్లగా నుండెడిది. యంత్రముచే ధ్వనిని మిక్కిలి హెచ్చించినచో, ఆ ధ్వని మరల గుల్లపెట్టెకు తగిలి, దానిని కంపింపజేసి, భరింపరాని కూతగా మారెడిది. ఫెండర్ గుల్ల లేని గట్టి చెక్కతో గిటారు చేసెను. తీగల క్రింద అయస్కాంతములను, వాని చుట్టు సన్నని రాగితీగను అమర్చెను. ఉక్కుతీగ కదలినపుడు రాగితీగలో విద్యుత్తు పుట్టును. అదియే హెచ్చింపబడి ధ్వనియగును. అట్టి యత్నములు అంతకుముందును జరిగెను గాని, 1950లో వెలువడిన ఫెండర్ గిటారు విరివిగా తయారుచేయుటకు అనువైనది. దాని మెడ చెడినచో మరలు విప్పి వేఱొకటి బిగింపవచ్చును. 1954లో ఆయన స్ట్రాటోకాస్టర్ అను గిటారును వెలువరించెను.

గట్టిచెక్క గిటారు ధ్వని స్పష్టమైనది. కాని విశాలమందిరములలో వినవచ్చు ప్రతిధ్వని దానియందు లేదు. 1961లో ఫెండర్ సంస్థ ఆ లోపము తీర్చు పెట్టె నొకదానిని వెలువరించెను. అందు ఉక్కుచుట్టలు కలవు. ధ్వనితరంగము చుట్ట యొక కొననుండి ప్రవేశించి, అటునిటు పలుమార్లు సంచరించి, రెండవ కొనను విద్యుత్తుగా మారును. చిన్న పెట్టెలో మహామందిరము ఇమిడినట్లయ్యెను.

ఇంతలో ఫెండరును దీర్ఘవ్యాధి పీడించెను. ఇక బ్రతుకనని తలచి ఆయన 1965లో తన సంస్థను 1 కోటి 30 లక్షల డాలర్లకు అమ్మివేసెను. పిదప మఱియొక వైద్యుని చికిత్సచే ఆరోగ్యము చేకూరెను. ధనమునకు కొదవ లేదు. విశ్రాంతికి అడ్డు లేదు. అయినను ఆయన సుఖముగా కూర్చుండలేదు. తన పేరు ఇతరుల సొత్తయినను వెఱవక, క్రొత్త సంస్థలలో చేరి మరల గిటారులు నిర్మించెను. వార్ధక్యమున పార్కిన్సన్ వ్యాధి వేధించినను పని విడువక, 1991 మార్చి 21న దివంగతుడయ్యెను.

నేటి పెట్టెలలో ధ్వనిని సెకనుకు వేలసార్లు కొలిచి, అంకెలుగా మార్చి, ప్రతిధ్వనిని లెక్కగట్టు డిజిటల్ యంత్రాంగము కలదు. కొన్నింటియందు గిటారు అసలు ధ్వని అనలాగ్ మార్గమున సాగిపోగా, అంకెలనుండి పుట్టిన ప్రతిధ్వని తుదకు దానితో కలియును. ఆ అంకెలు సైతము తఱచుగా అనుకరించునది ఫెండర్ పెట్టెలోని ఉక్కుచుట్టల నాదమునే. ఇతరుల కష్టమును ఓర్పుతో విని, దానిని తొలగించుటకు జీవితాంతము శ్రమించిన వాని కృషి ఇట్లు చిరకాలము నిలుచును.