నేలకు వైద్యుడు - జార్జ్ వాషింగ్టన్ కార్వర్

మనలో చాలామంది అమ్మానాన్నలకు పుట్టిన తేదీ తెలియదు. బడిలో చేర్చుకున్న రోజు అయ్యవారు వేసిన తేదీయే వారి పుట్టినరోజు. అమెరికాలో పేరుమోసిన వ్యవసాయ శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్‌కు అలా తేదీ వేసే అయ్యవారు కూడా లేకపోయాడు. 1864 ప్రాంతంలో మిస్సోరీ రాష్ట్రంలోని డైమండ్ అనే పల్లె దగ్గర పుట్టాడని మాత్రమే చెప్పగలం. బానిసల పిల్లల పుట్టుకను ఎవరూ రాసిపెట్టేవారు కాదు. ఆయన తల్లి మేరీని మోజెస్ కార్వర్ అనే రైతు 1855లో 700 డాలర్లకు కొన్నాడు. ఆ కొనుగోలుకు మాత్రం పత్రం ఉంది!

జార్జ్ పసిగుడ్డుగా ఉండగానే ఒక దోపిడీ ముఠా తల్లినీ బిడ్డనూ ఎత్తుకుపోయింది. యజమాని మనిషిని పంపి వెతికిస్తే బిడ్డ దొరికాడు, తల్లి జాడ తెలియలేదు. బిడ్డను తెచ్చినవాడికి యజమాని ఒక గుర్రాన్ని బహుమానంగా ఇచ్చాడు.

1865లో బానిసత్వం రద్దయ్యాక కూడా జార్జ్‌ను, అతని అన్న జిమ్‌ను ఆ రైతు దంపతులే పెంచారు. కోరింత దగ్గుతో బక్కచిక్కిన జార్జ్ పొలం పనికి సరిపోడని వంట, కుట్టుపని, బట్టలుతకడం నేర్పారు. తీరిక దొరికితే అడవిలోకి పోయేవాడు. మొక్కలు తెచ్చి నాటి, వాటికి ఏం కావాలో గమనించేవాడు. ఇరుగుపొరుగు వాళ్లు వాడిపోతున్న మొక్కల్ని అతనికి చూపించి, ఆ చిన్నవాణ్ణి మొక్కల డాక్టరు అని పిలిచేవారు.

కానీ ఊళ్లోని బడి నల్లపిల్లల్ని చేర్చుకోలేదు. సుమారు 8 మైళ్ల దూరంలోని నియోషోలో నల్లపిల్లల బడి ఉందని తెలిసి, ఒంటరిగా నడిచి వెళ్లాడు. అక్కడ మరియా వాట్కిన్స్ అనే మంత్రసాని చేరదీసింది. తాను కార్వర్ గారి జార్జ్‌నని ఆ పిల్లవాడు చెప్పుకుంటే, ఇకనుంచి జార్జ్ కార్వర్ అని చెప్పుకోమని ఆమె నేర్పింది. మిత్రులారా, ఈ రెండు పేర్లకూ మధ్య ఉన్న తేడా మనకు ఒకరు విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాత కాన్సాస్‌లో ఊరూరా తిరుగుతూ, బట్టలుతికి, వంట చేసి హైస్కూలు చదువు పూర్తిచేశాడు. 1879లో ఫోర్ట్ స్కాట్ పట్టణంలో తెల్లవారి గుంపు ఒక నల్లమనిషిని చంపడం కళ్లారా చూసి ఆ ఊరే వదిలేశాడు. హైలాండ్‌లోని కాలేజీ ఉత్తరం ద్వారా సీటిచ్చి, తీరా వెళ్లాక రంగు చూసి వెనక్కి పంపింది. అయోవా రాష్ట్రంలో సింప్సన్ కాలేజీ 1890లో చేర్చుకుంది. అక్కడ బొమ్మలు గీయడం నేర్చుకుంటుంటే, మొక్కల మీద అతని శ్రద్ధ చూసి టీచర్ ఎట్టా బడ్ వ్యవసాయ కాలేజీకి వెళ్లమంది. 1891లో ఏమ్స్‌లోని అయోవా వ్యవసాయ కాలేజీలో చేరిన మొదటి నల్లవిద్యార్థి ఆయనే. మొదట్లో తోటి విద్యార్థులతో కలిసి తిననివ్వలేదు. పనివాళ్లతో కింది అంతస్తులో తిన్నాడు. 1894లో బి.ఎస్. పూర్తిచేసి, అదే కాలేజీలో మొదటి నల్ల అధ్యాపకుడయ్యాడు, 1896లో ఎం.ఎస్. పూర్తిచేశాడు.

అక్కడే ఉండిపోతే హాయిగా గడిచిపోయేది. కానీ 1896లో బుకర్ టి. వాషింగ్టన్ పిలుపు మీద అలబామాలోని టస్కెగీ విద్యాసంస్థకు వెళ్లాడు. అక్కడ ప్రయోగశాల లేదు. విద్యార్థులతో చెత్తకుప్పల్లో సీసాలు, డబ్బాలు ఏరించి వాటినే పరికరాలు చేసుకున్నాడు.

అలబామా నేలను చూసి ఆయన గుండె బరువెక్కి ఉండాలి. ఏళ్ల తరబడి పత్తి తర్వాత పత్తే వేయడంతో నేలలో సారం లేదు. చెట్లు కొట్టేసిన వాలు పొలాల్లో పైమట్టి వానకు కొట్టుకుపోయి గండ్లు పడ్డాయి. ఆ నేలను దున్నే నల్లవారి పరిస్థితీ అంతే. బానిసత్వం పోయినా భూమి రాలేదు. భూస్వామి పొలంలో పాలుకు సేద్యం, దుకాణంలో అప్పు, లెక్క చూసేసరికి మళ్లీ అప్పు. గుమ్మం దాకా పత్తే కాబట్టి కూరగాయల మడికి చోటులేదు. మొక్కజొన్న పిండి, పంది కొవ్వు, బెల్లపు పాకం తిని బతకడంతో పెల్లాగ్రా అనే పోషకాహార లోపపు జబ్బు పీడించేది. నేల నీరసం, మనిషి నీరసం ఒకే జబ్బు అని కార్వర్ గుర్తించాడు. నేలనూ మనిషినీ పిండుకుని వదిలేసే సేద్యం అది.

వైద్యం ఖరీదైనది కాకూడదనుకున్నాడు. ఎరువు కొనలేని రైతుకు అడవిలో రాలిన ఆకులు, చిత్తడి నేలల్లోని నల్లమట్టి, పేడ పొరలుగా పేర్చి కుళ్లబెట్టడం చూపించాడు. పత్తి వేసిన చేలో మరుసటి ఏడు అలసందలు, వేరుశనగ వేయమన్నాడు. పల్లీ మొక్క పీకితే వేళ్ల మీద చిన్న బుడిపెలు కనిపిస్తాయి కదా! వాటిలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తాయి, కొంత నేలలో మిగులుతుంది. పొలం కోలుకుంటుంది, ఇంట్లో పిల్లలకు మాంసకృత్తులు దొరుకుతాయి. చదువురాని రైతులు కాలేజీకి రాలేరు కాబట్టి 1906లో కాలేజీనే గుర్రబ్బండికి ఎక్కించారు. నాగళ్లు, విత్తనాలతో ఆ బండి పల్లె పల్లెకూ వెళ్లి పొలంలోనే పాఠం చెప్పేది.

1910 తర్వాత పత్తికాయను తొలిచే ముక్కుపురుగు అలబామా అంతటా వ్యాపించడంతో వేరుశనగ సాగు పెరిగింది. 1916లో వేరుశనగతో 105 వంటకాలు వివరిస్తూ కార్వర్ చిన్న పుస్తకం వేశాడు. 1921లో అమెరికా పార్లమెంటు కమిటీ ముందు వేరుశనగ గురించి మాట్లాడటానికి 10 నిమిషాలు ఇస్తే, సభ్యులే ఇంకా చెప్పమని సమయం పొడిగించారు. ఆయన పల్లీ వెన్న కనిపెట్టాడని మన జి.కె. పుస్తకాల్లో కనిపిస్తుంది. అది నిజం కాదు. వేరుశనగతో ఆయన చెప్పిన 300 ఉత్పత్తుల్లో చాలావాటికి మార్కెట్ దొరకలేదు. నాకైతే ఆయన గొప్పతనం ఆ 300లో కంటే గుర్రబ్బండిలోనే ఎక్కువ కనిపిస్తుంది.

అయితే ఆ బండి కూడా ఒకచోట ఆగిపోయేది. పొలంలో ఏం వేయాలో నిర్ణయించే హక్కు పాలు రైతుకు లేదు. భూస్వామికి పత్తే కావాలి, అప్పిచ్చిన దుకాణదారుకూ పత్తే కావాలి. కార్వర్ చెప్పింది అర్థమైనా, చేతిలో భూమి లేనివాడు చేయలేకపోయాడు. కూలి రైతుల పిల్లలమైన మనం ఈ సంగతి దాటవేయకూడదు.

ఇంకొకటి. ఆయన పాఠం వేరుశనగ వేయమని కాదు, పంట మార్చమని. మన అనంతపురం జిల్లాలో దశాబ్దాల తరబడి ఏటేటా వేరుశనగే వేశారు. కరువు వచ్చిన ప్రతిసారీ ఊళ్లకు ఊళ్లు బెంగళూరుకు వలసపోయాయి. పత్తి చేసిన పనే అక్కడ వేరుశనగ చేసింది.

కార్వర్ టస్కెగీలో 47 ఏళ్లు ఉన్నాడు. పెళ్లి చేసుకోలేదు. పాత కోటు, దాని గుండీ రంధ్రంలో రోజూ ఒక తాజా పువ్వు, ఇదీ ఆయన వేషం. కూడబెట్టిన సొమ్మును పరిశోధనల కోసం తన పేరిట ఏర్పడిన ఫౌండేషన్‌కు ఇచ్చేశాడు. 1943 జనవరి 5న కన్నుమూశాడు. ఆయన్ను బుకర్ టి. వాషింగ్టన్ సమాధి పక్కనే ఖననం చేశారు. అదే ఏడాది జులైలో, తల్లిని 700 డాలర్లకు కొనితెచ్చిన మోజెస్ కార్వర్ పొలాన్ని అమెరికా ప్రభుత్వం ఆయన పేరిట జాతీయ స్మారకంగా ప్రకటించింది. చిన్నప్పుడు ఆయన మొక్కలు ఏరుకున్న అడవి దారిలో ఇప్పుడు సందర్శకులు నడుస్తుంటారు.