ముంచిన నీటినే మంచినీళ్లు చేసిన ఇంజనీరు

కుళాయిలో నీళ్లు వచ్చినన్నాళ్లూ అవి ఎక్కడివో మనం ఆలోచించం. రాని రోజున బిందె పట్టుకుని వరసలో నిలబడేది మాత్రం ఇంటి ఆడవాళ్లే. ఎదురుగా సముద్రమున్నా తాగేందుకు తాటిపూడి, మేఘాద్రిగెడ్డల వైపు చూసే విశాఖ వాళ్లకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఊళ్లకు నీళ్లు తేవడంలో తన చదువంతా ధారపోసిన మనిషి మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

పుట్టింది కర్ణాటకలోని ముద్దెనహళ్లి. పూర్వీకులది మన గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం. ఇంటి పేరే ఆ ఊరి పేరు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ బెంగళూరులో చదివి, పుణేలో ఇంజనీరింగు పూర్తిచేసి, 1884లో బొంబాయి ప్రభుత్వంలో ఉద్యోగంలో చేరారు.

సింధు నది ఒడ్డునున్న సుక్కూరుకు 1895 నాటికి నీళ్లిచ్చారు. నదిలో నీళ్లు బురద. వడబోసే ఏర్పాటుకు పురపాలక సంఘం దగ్గర డబ్బు లేదు. ఆయనేం చేశారంటే, నది గర్భంలోనే బావి తవ్వించారు. ఇసుకలోంచి ఊరి వచ్చిన నీరు తేటగా బావిలో చేరేది. ఇసుకే జల్లెడ అయిందన్నమాట! పుణే దగ్గర ఖడక్‌వాస్లాలో ఆనకట్ట ఎత్తు పెంచకుండానే, వరదొస్తే వాటంతటవే తెరుచుకునే తలుపులు పెట్టి ఎక్కువ నీరు నిలిపారు. విశాఖలాగే రేవుపట్నమైన ఏడెన్‌కు 1906లో వెళ్లి, అక్కడి మంచినీటికీ మురుగునీటికీ పథకం వేశారు. విశాఖ రేవును సముద్రపు కోత నుంచి కాపాడడంలోనూ ఆయన సలహా ఉందని చెబుతారు.

1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ పొంగింది. వేలమంది కొట్టుకుపోయారు. ఎన్నో ఇళ్లు నేలమట్టమయ్యాయి. మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం ఆయన్ని పిలిపించింది. నదికి గోడలు కడితే చాలదు, వరదను ఊరికి పైనే ఆపాలన్నది ఆయన లెక్క. మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టాలని సూచించారు. అలా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఊరిని ముంచిన నీరే ఊరి దాహం తీర్చింది. గండిపేట నీళ్లు తాగి ఎన్ని తరాలు పెరిగాయో!

తర్వాత మైసూరు దివాను అయ్యారు. 1955లో భారతరత్న అందుకున్నారు. నూరేళ్లు దాటి బతికి 1962లో కన్నుమూశారు. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 15ను ఇంజనీర్ల దినంగా జరుపుకుంటున్నాం.

దండలు వేయడం మంచిదే. దాంతోపాటు మనింట్లో చేయదగ్గ పని ఒకటుంది. స్థలం కొనేముందు అది చెరువు శిఖమా, వాగు దారా అని మనమే గట్టిగా అడగాలి. నీటికి దారి వదలని ఊరికి వానాకాలంలో వరద తప్పదు, ఎండాకాలంలో బిందెల వరసా తప్పదు.