కలియుగ భీముడు కోడి రామమూర్తి

సంక్రాంతి సెలవులకు మా భావనపాడు వెళ్లి వలతాడు పట్టుకుంటే పది గుంజులకే నాకు ఆయాసం వచ్చేసింది. ముసలి తాతలు నవ్వేరు. అప్పుడు గుర్తొచ్చినవాడు కోడి రామమూర్తి నాయుడు.

1882లో వీరఘట్టంలో పుట్టిన ఆయనకు చిన్నప్పుడే తల్లి పోయింది. రోజూ రాజచెరువు దాకా నడిచెళ్లి అక్కడే కసరత్తు చేసేవాడట. తర్వాత విజయనగరంలో పినతండ్రి ఇంట చేరి కుస్తీ నేర్చాడు. మద్రాసు సైదాపేటలో శిక్షణ పొంది, విజయనగరంలోనే వ్యాయామోపాధ్యాయుడయ్యాడు. ఆపైన సర్కస్ పెట్టాడు. గుండెల మీద ఏనుగును ఎక్కించుకున్నాడు, ఊపిరి బిగించి ఇనుప గొలుసులు తెంచాడు. ఇంతా చేసి శాకాహారి! చివరి రోజుల్లో కాలికి పుండు పడి, కాలు తీసేయవలసి వచ్చింది. 1942లో ఒరిస్సాలోని బలాంగీర్‌లో కన్నుమూశాడు. శ్రీకాకుళం స్టేడియం ఆయన పేరుతోనే ఉంది.

మిత్రులారా! ఏనుగును మొయ్యమని మనల్నెవరూ అడగరు. రాజచెరువు నడకలాంటిది ఒకటి పెట్టుకుంటే చాలు. కాలేజీకి నడిచి వద్దాం, మెట్లు ఎక్కుదాం, మన నీళ్లు మనమే మోసుకుందాం. వచ్చే సంక్రాంతికి ఆ వలతాడు నేను వదలను.