సికందర్ సాహెబ్: కంపెనీ వద్దన్నా.. సొంత రెజిమెంట్ పెట్టిన గుర్రపు దళపతి

ఢిల్లీ కశ్మీరీ గేట్ దగ్గర పసుపు రంగులో కనిపించే సెయింట్ జేమ్స్ చర్చి తెలుసా? దాన్ని కట్టించింది ఒక గుర్రపు దళపతి. పేరు జేమ్స్ స్కిన్నర్. జనం మాత్రం సికందర్ సాహెబ్ అని పిలిచేవారు.

1778లో ఆయన పుట్టారు. తండ్రి హెర్క్యులస్ స్కాట్లాండ్‌కు చెందిన కంపెనీ సైనికాధికారి. తల్లి రాజ్‌పుత్ మహిళ. కూతుళ్లను పరదా దాటించి చదువుకు పంపాలని తండ్రి పట్టుబట్టడంతో, పరువు పోయిందని భావించి ఆమె ప్రాణాలు తీసుకుంది. అప్పటికి జేమ్స్ ఇంకా చిన్న పిల్లాడే.

తర్వాత కలకత్తాలో ప్రింటింగ్ ప్రెస్‌లో పనికి పెట్టారు. కొద్ది రోజులకే పారిపోయాడు. సైన్యంలో చేరదామంటే దారి లేదు. భారతీయ తల్లికి పుట్టినవాళ్లకు అధికారి ఉద్యోగం ఇవ్వబోమని 1791లోనే కంపెనీ రూల్ పెట్టేసింది. దాంతో మరాఠా పాలకుడు సింధియా సైన్యంలో చేరాడు.

1800లో ఉనియారా యుద్ధంలో తీవ్రంగా గాయపడ్డాడు. శవాల మధ్య పడి ఉంటే ఒక పేద మహిళ రొట్టె, నీళ్లు ఇచ్చి కాపాడింది. బతికితే చర్చి కట్టిస్తానని అక్కడే మొక్కుకున్నాడట.

1803లో కంపెనీకి, సింధియాకు యుద్ధం మొదలైంది. ఇంగ్లిష్ రక్తం ఉందన్న అనుమానంతో మరాఠా సైన్యం నుంచి ఆయన్ను పంపించేశారు. అంటే అటు కంపెనీ నమ్మలేదు, ఇటు సింధియా నమ్మలేదు! చివరికి జనరల్ లేక్ పిలిచి గుర్రపు దళం అప్పగించారు. పాత యజమానిపై మాత్రం కత్తి ఎత్తనని స్కిన్నర్ షరతు పెట్టారని చెబుతారు. అదే స్కిన్నర్స్ హార్స్. పసుపు యూనిఫాం వల్ల ఎల్లో బాయ్స్ అనే పేరొచ్చింది. తమ్ముడు రాబర్ట్ కూడా ఇందులోనే పనిచేశారు. లెఫ్టినెంట్ కల్నల్ హోదా రావడానికి మాత్రం రెండు దశాబ్దాలకు పైగా పట్టింది.

హర్యానాలోని హాన్సీ ఆయన స్థావరం. ఇంట్లో హిందూ, ముస్లిం భార్యలు, ఎందరో పిల్లలు. స్వయంగా పర్షియన్‌లో పుస్తకాలు రాయించారు. వివిధ కులాలు, వృత్తులను వివరించే తష్రీహ్ అల్ అఖ్వామ్ అందులో ఒకటి.

మొక్కు తీరడానికి 36 ఏళ్లు పట్టింది. 1836లో చర్చి ప్రారంభమైంది. 1841 డిసెంబర్ 4న హాన్సీలో స్కిన్నర్ కన్నుమూశారు. మొదట అక్కడే ఖననం చేసినా, మరుసటి నెలలో ఢిల్లీకి తెచ్చి తాను కట్టించిన చర్చిలోనే సమాధి చేశారు. కుటుంబీకుల సమాధులు కూడా ఆ ఆవరణలో ఉన్నాయి.

స్కిన్నర్స్ హార్స్ ఇప్పటికీ భారత సైన్యంలో ఉంది. గుర్రాల స్థానంలో ట్యాంకులు వచ్చాయంతే. స్వాతంత్ర్యం తర్వాత అదే వంశానికి చెందిన మైఖేల్ స్కిన్నర్ ఈ రెజిమెంట్‌కు కమాండర్‌గా చేశారు. పుట్టుక చూసి కంపెనీ కాదన్న మనిషి పేరు, కంపెనీ పోయాక కూడా నిలిచింది.